ఎలుక జ్వరం: మీ ఇంట్లో ఎవరికి ఎక్కువ ముప్పు?

ప్రశ్న: మాది కోనసీమలో కాలువ పక్క ఊరు. మా వారు మూడెకరాలు కౌలుకు చేస్తారు. మా వీధిలో ఒకాయనకి ఊడ్పులైన పది రోజులకి జ్వరం తగిలింది. ముందు ఆర్‌ఎంపీ గారు ఇంజక్షన్లు చేశారు, తర్వాత టైఫాయిడ్ అన్నారు, కళ్ళు పచ్చబడితే పసరు పోయించారు. ఆఖరికి కాకినాడ తీసుకెళ్తే కిడ్నీలు దెబ్బతిన్నాయని డయాలసిస్ పెట్టారు. ఎలుక జ్వరమట. అప్పట్నుంచి వాళ్ళ గుమ్మం ఎవరూ తొక్కడం లేదు. మా అటక మీద ఎలుకలున్నాయి, దొడ్లో రెండు గేదెలున్నాయి. మా అత్తగారికి అరవై దాటాయి, షుగర్ ఉంది, అయినా ఊడ్పులకీ కలుపులకీ కూలికి వెళ్తారు. మా అమ్మాయికి ఏడేళ్ళు. నాకు ఇప్పుడు నాలుగో నెల. మా వారేమో "ముందుగానే అందరం మాత్రలు వేసేసుకుందాం" అంటున్నారు. వేసుకోవచ్చా? ఈ జబ్బు మాకూ అంటుకుంటుందా?

సమాధానం: మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతానమ్మా, దానివల్ల ఇప్పటికే ఒక ఇల్లు వెలి పడింది కాబట్టి. ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, మనిషి నుంచి మనిషికి సోకడం చాలా అరుదు. దగ్గితే రాదు, తాకితే రాదు, ఒకే పంక్తిలో భోంచేస్తే రాదు. దోమకీ దీనికీ సంబంధమే లేదు. రోగి మూత్రంలో కొన్నాళ్ళు క్రిములు పోవచ్చు గనక ఆ బట్టలు ఉతికేవాళ్ళు, సేవ చేసేవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, మరుగుదొడ్డిలో బ్లీచింగ్ చల్లాలి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న ఆ ఇంటావిడకి ఇప్పుడు కావలసింది పిల్లల్ని కాసేపు చూసే మనిషి. నిస్సంకోచంగా వెళ్ళండి.

జబ్బు వచ్చే దారి వేరు. లెప్టోస్పైరా అనే మెలికలు తిరిగిన సన్నటి బ్యాక్టీరియా ఎలుక మూత్రపిండాల్లో కాపురం పెడుతుంది. ఎలుకకి మాత్రం పెద్దగా ఏమీ కాదు. అది తిరిగినంత మేరా మూత్రంతో పాటు క్రిముల్నీ వదులుతూ పోతుంది. పొలం ఎలుకలు, పందికొక్కులు గట్లలోనే కదా కన్నాలు పెడతాయి! వాన పడి కన్నాల్లోకి నీరెక్కితే ఆ మురికంతా మడిలోకీ బోదెలోకీ దిగుతుంది. ఎండిన నేల మీద ఈ క్రిమి ఎక్కువసేపు నిలవదు. ఉప్పునీరు, వేడి, బ్లీచింగ్ దానికి గిట్టవు. గోరువెచ్చని మంచినీళ్ళలో, తడి బురదలో మాత్రం వారాల తరబడి బతుకుతుంది. ఊడ్పుల నాటి వరిచేనంటే దానికి పుట్టిల్లే. అందుకే మీ ప్రాంతంలో ఉప్పునీటి రొయ్యల చెరువుల్లో దిగేవాళ్ళ కంటే మంచినీటి చేపల చెరువుల్లోకీ పంట కాలువల్లోకీ దిగేవాళ్ళకే ఈ భయం ఎక్కువ.

ఇది కొత్తగా పుట్టిన జబ్బేమీ కాదు. 1886లో జర్మనీలో అడాల్ఫ్ వైల్ అనే వైద్యుడు జ్వరం, కామెర్లు, కిడ్నీల దెబ్బ కలిసి వచ్చే ఈ రోగాన్ని వర్ణించాడు. క్రిమిని పట్టుకున్నది మాత్రం జపాన్ వాళ్ళు, 1915 ప్రాంతంలో, నీళ్ళూరే బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ళ రక్తంలో. మన దేశంలో కేరళ, దక్షిణ గుజరాత్, తమిళనాడు, అండమాన్ దీవులు దీన్ని బాగా ఎరుగుదురు. అండమాన్‌లో 1980ల చివర్లో దగ్గితే రక్తం పడి మనుషులు చనిపోతుంటే అదేమిటో మొదట అంతుపట్టలేదు. అదీ ఇదే జబ్బని తర్వాత తేలింది. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 10 లక్షల మందికి వస్తుందనీ, దాదాపు 59 వేల మంది చనిపోతున్నారనీ 2015లో వేసిన ఒక అంచనా. మన డెల్టాల్లో దీని పేరు తక్కువగా వినిపించడానికి జబ్బు లేకపోవడం కారణమని నేననుకోను. వరి, కాలువలు, గేదెలు, తుఫాన్లు అన్నీ ఇక్కడా ఉన్నాయి. పరీక్ష చేస్తేనే కదా పేరు బయటపడేది.

సరే, క్రిమి నీళ్ళలో ఉంది. ఒంట్లోకి ఎలా వస్తుంది? ఎక్కడా తెగని, పగలని చర్మం దాన్ని అడ్డుకుంటుంది. చిన్న గాటు, గీరుకున్న చోటు, పగిలిన మడమ, గంటల తరబడి నాని తెల్లబడిన వేళ్ళ సందులు, ఇవి దానికి తెరిచిన తలుపులు. కళ్ళు, ముక్కు, నోటి లోపలి పొరల గుండా కూడా దూరుతుంది. కాబట్టి ముప్పును లెక్కేసేటప్పుడు మూడు అడగాలి: తడిలో ఎంతసేపు ఉంటున్నారు, ఒంటి మీద పుండో పగులో ఉందా, ఆ నీళ్ళలో ఎలుకలదో పశువులదో మూత్రం కలిసే వీలుందా. ఈ లెక్కన మీ ఇంట్లో ఒక్కొక్కరినీ చూద్దాం.

అందరికంటే ముందు మీ అత్తగారు. ఉత్తరంలో మీరు ఆవిణ్ణి అటక మీది ఎలుకల తర్వాత రాశారు. నా జాబితాలో ఆవిడే మొదట. ఊడ్పుల్లో ఆడవాళ్ళు ఉదయం దిగితే మధ్యాహ్నం దాకా పిక్కల లోతు బురదలో ఉంటారు. ఆకు తీసేటప్పుడూ నాటేటప్పుడూ చేతులు మోచేతుల దాకా నీళ్ళలోనే. వరి ఆకు అంచు కోసిన గీతలు చేతుల నిండా ఉంటాయి, వాటిని ఎవరూ గాయమనుకోరు. పైగా షుగర్ ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా, పీత కొరికినా తెలియదు, తెలిసినా పుండు త్వరగా మానదు. రోజు కూలి మీద వెళ్ళే మనిషి "ఇవాళ కాలు బాగోలేదు, రాను" అని అంత తేలిగ్గా అనలేదు, అది నాకు తెలుసు. అయినా పాదం మీద తెరిచిన పుండు ఉన్న రోజుల్లో ఆవిణ్ణి బురదలో దిగనివ్వకండి. గట్టు మీద కట్టలందించే పనో, వంట పనో చూడమనండి. రోజూ సాయంత్రం మంచినీళ్ళతో, సబ్బుతో కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, దీపం దగ్గర కూర్చోబెట్టి అరికాళ్ళు మీరే చూడండి. వంగి చూసుకోవడం ఆ వయసులో కష్టం. వేళ్ళ సందులు పుండుపడి ఉంటే ఫంగస్ మందు రాయించండి. ఆ ఒక్క పని ఎన్ని ఎలుకల్ని చంపినా రాని మేలు చేస్తుంది.

పసుపు, కొబ్బరినూనె పట్టించి దిగడం మీ వైపు అలవాటే. పగుళ్ళు మెత్తబడటానికి నూనె మంచిదే, కానీ అది క్రిమిని ఆపే గోడ అనుకోవద్దు. గాటు మీద నీళ్ళు చొరని ప్లాస్టరు వేసి దిగడం అంతకంటే నయం. గమ్ బూట్లు వేసుకోమని పుస్తకాల్లో రాస్తారు. దమ్ము చేసిన మడిలో గమ్ బూటు వేసుకుని నాలుగు మొక్కలు నాటి చూస్తే ఆ సలహా ఇచ్చినవాళ్ళకే తెలుస్తుంది, బూటు బురదలో ఉండిపోయి కాలు ఒక్కటే పైకొస్తుంది! ఊడ్పులకి అది కుదరదు. కానీ గట్లు చెక్కేటప్పుడు, బోదెలు బాగుచేసేటప్పుడు, గేదెల దొడ్డి కడిగేటప్పుడు బూట్లు నూటికి నూరుపాళ్ళు కుదురుతాయి, అక్కడ మానేయడానికి సాకు లేదు. చేతులకి రబ్బరు తొడుగులు కలుపు తీసేటప్పుడు కూడా వాడొచ్చు.

ఇంకో అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. మధ్యాహ్నం ఎండకి తాళలేక బోదె నీళ్ళతోనే మొహం కడుక్కుని, పుక్కిలించి, ఒక్కోసారి రెండు దోసిళ్ళు తాగేస్తారు కూడా. కళ్ళకీ నోటికీ ఆ నీళ్ళు నేరుగా అందించినట్టే. సీసాతో ఇంటి నీళ్ళు పంపండి, తాగడానికి ఒకటి, మొహం చేతులు కడుక్కోవడానికి ఇంకొకటి. బీడీ కాల్చేవాళ్ళూ అన్నం తినేవాళ్ళూ ముందు చేతులు కడుక్కోవాలి.

తర్వాత మీ వారు. కౌలు రైతుకి దమ్ము రోజుల్లో, గట్లు చెక్కే రోజుల్లో ముప్పు ఉంటుంది. కన్నం కనపడితే చేత్తో తవ్వే అలవాటుంటే మాన్పించండి. అయితే నాకు ఆయన విషయంలో ఎక్కువ భయం కోతల వేళ. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వచ్చి కోసిన పనలు నీళ్ళలో తేలుతుంటే ఏ రైతూ ఒడ్డున నిలబడలేడు. మోకాటి లోతు నీళ్ళలో కొయ్యకాళ్ళు కోసుకుంటున్నా రెండు మూడు రోజులు పనలు ఒడ్డుకి చేరుస్తూనే ఉంటాడు. గాట్లు, గంటల కొద్దీ నానడం, గట్ల కన్నాల్లోంచి కొట్టుకొచ్చిన నీరు, మూడూ ఒకేచోట. గోదావరి వరదలప్పుడు లంక ఊళ్ళ వాళ్ళదీ ఇదే పరిస్థితి. మాత్రల ప్రస్తావన నిజంగా అప్పుడొస్తుంది. దాని సంగతి కింద చెప్తాను.

పొలంలో బుట్టలు పెట్టి ఎలుకలు పట్టడానికి మీ ఊరికి మనుషులు వస్తుంటారు కదా. మన జిల్లాల్లో ఈ పని చాలా చోట్ల యానాదులది. బుట్టలోంచి ఎలుకని తీసేదీ, కన్నంలో చెయ్యి పెట్టేదీ వాళ్ళే, కాబట్టి ఈ జబ్బుకి మొదటి వరసలో ఉన్నదీ వాళ్ళే. తోకకింతని లెక్కగట్టి డబ్బులిచ్చే రైతులు ఒక జత రబ్బరు తొడుగులు కూడా కొనివ్వొచ్చు. పెద్ద ఖర్చేమీ కాదు. ఎవరూ ఎందుకివ్వరో నాకు అర్థం కాదు.

ఇక మీరు. పొలానికి వెళ్ళకపోయినా గేదెల దగ్గర పని మీదే అయ్యుంటుంది. పశువులకీ ఈ క్రిములు సోకుతాయి. పైకి ఏమీ కనపడకుండానే మూత్రంలో వదలగలవు. కొన్నిసార్లు మాత్రం ఉన్నట్టుండి పాలు తగ్గడం, ఈచుకుపోవడం, అంటే కట్టిన చూలు పోవడం, ఉంటాయి. గర్భిణిగా ఉన్నప్పుడు ఈ జ్వరం వస్తే కడుపులో బిడ్డకి ప్రమాదం. అందుకని ఈ కొన్ని నెలలూ దొడ్డి కడగడం, మూత్రపు గుంట ఎత్తిపోయడం మీ వారికి అప్పజెప్పండి. పాలు పితకడం తప్పదంటే చెప్పులో బూట్లో వేసుకుని వెళ్ళండి, ఉట్టి కాళ్ళతో వద్దు. గేదె ఈచుకుపోతే ఆ పిండాన్నీ మాయనీ ఎవరూ ఉట్టి చేతులతో ముట్టుకోకూడదు. పశువుల డాక్టరుని పిలిచి చూపించండి, తొడుగులతో తీసి లోతుగా పాతిపెట్టించండి. దొడ్లో నీరు నిలవకుండా వాలు చేయించుకుని, కడిగాక బ్లీచింగో సున్నమో చల్లండి. పాలు కాచే తాగండి.

అమ్మాయికి ముప్పు తక్కువే. వానాకాలంలో వీధి గుంటల్లో ఆడనివ్వకండి, గేదెలు పడుకునే చెరువులో ఈతకి పంపకండి.

అటక మీది ఎలుకల్ని ఆఖరికి ఉంచాను. వాటిని వదిలించుకోవాల్సిందే, కానీ పొడిగా ఉండే అటక నుంచి జబ్బు రావడం కంటే తడి పెరడు నుంచి రావడమే తేలిక. ధాన్యం బస్తాలు నేల మీద కాకుండా బల్ల మీదకి ఎత్తండి, అన్నం కూరలు మూత పెట్టండి, ఎలుక తిరిగిన చోట పొడి చీపురుతో ఊడ్చకుండా బ్లీచింగ్ నీళ్ళతో తుడవండి. చేలో ఎలుకల విషయానికొస్తే ఒక్క రైతు ఒక్క మడిలో మందు పెడితే అవి పక్క గట్టు మీదకి మకాం మారుస్తాయి, అంతే. ఆయకట్టు రైతులంతా ఊడ్పులకు ముందే, మేత దొరకని రోజుల్లో, ఒకేసారి పెట్టాలి. వ్యవసాయ శాఖ చెప్పే పద్ధతి మీ వారు వినే ఉంటారు: ముందురోజు కన్నాలన్నీ మట్టితో మూసేయడం, తెల్లారి తెరుచుకున్న కన్నాల్లో మాత్రమే ఎర వేయడం, 96 పాళ్ళ నూకలకి 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ బ్రోమాడయోలోన్ మందు కలిపి కన్నానికి 10 నుంచి 15 గ్రాముల పొట్లం. చచ్చిన ఎలుకల్ని కర్రతోనో తొడుగులతోనో తీసి పాతిపెట్టాలి, కాలువలో విసరొద్దు. ఎర కలిపే పని మీ దగ్గరా పాప దగ్గరా జరగనివ్వకండి. ఇదంతా చేసినా నీళ్ళలో ఇప్పటికే ఉన్న క్రిములు ఆ వారమే పోవు. ఎలుకల మందు పెట్టాం కదా అని పాదాల జాగ్రత్త మానొద్దు.

మాత్రల మాట. మీ వారి ఆలోచన పూర్తిగా తప్పు కాదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 200 మిల్లీగ్రాములు వారానికి ఒకసారి వేసుకునే పద్ధతి ఉంది. 2018 వరదల తర్వాత కేరళలో వరద నీళ్ళలో దిగినవాళ్ళకీ సహాయ పనులు చేసినవాళ్ళకీ ప్రభుత్వమే పంచింది. కానీ అది కొద్దికాలం పాటు ముప్పు బాగా ఎక్కువగా ఉన్నవాళ్ళ కోసం. పంట కాలమంతా ఇంటిల్లిపాదీ మింగే మందు కాదు. మీ ఇంట్లో మీరు గర్భిణి, మీకు పనికిరాదు. పాపకి ఎనిమిదేళ్ళు నిండలేదు, తనకీ వద్దు. మీ అత్తగారు షుగర్ మందులు వాడుతున్నారు, డాక్టరు చూసి చెప్పాలి. మీ వారు తుఫాను నీళ్ళలో పనలు మోయాల్సి వస్తే అప్పుడు పీహెచ్‌సీలో అడిగి, ఎన్ని వారాలో తెలుసుకుని వేసుకోవచ్చు. అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్ళతో మింగి, వెంటనే పడుకోకూడదు, లేకపోతే గొంతు గొట్టంలో పుండు పడుతుంది. గ్యాస్‌కి తాగే టానిక్‌తో కలిపి వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది కూడా, పొలం మనిషికి ఇది చిన్న ఇబ్బంది కాదు. మాత్ర వేసుకున్నాక కూడా జబ్బు రావచ్చు.

నేను మీ ఇంటి గోడ మీద రాసిపెట్టమనేది మాత్రం వేరే ఉంది. బురదలో దిగినవాళ్ళకి నెల లోపు జ్వరం వస్తే, డాక్టరు ముందు కూర్చోగానే చెప్పాల్సిన మొదటి మాట "నేను ఊడ్పులకి వెళ్ళాను" అని. క్రిమి ఒంట్లో చేరాక జ్వరం రావడానికి 2 నుంచి 30 రోజులు పట్టొచ్చు, మామూలుగా వారం నుంచి రెండు వారాలు. అప్పటికి ఆ పని మరిచిపోయి ఉంటారు. డాక్టరుకేమో వానాకాలం వచ్చే ప్రతి జ్వరం ఒకేలా కనపడుతుంది. మొదట్లో దీనికీ డెంగీకీ పెద్ద తేడా ఉండదు: హఠాత్తుగా చలితో జ్వరం, తలనొప్పి, వాంతులు, ప్లేట్‌లెట్లు తగ్గడం. అనుమానించడానికి రెండు ఆనవాళ్ళు ఉన్నాయి. పిక్కలూ నడుమూ విపరీతంగా నొప్పి, పిక్క పట్టుకుంటే మనిషి కేక వేస్తాడు. కళ్ళు కలక వచ్చినట్టు ఎర్రబడతాయి, కానీ పుసి కట్టవు. ఇవి అందరిలోనూ ఉండవు, ఉంటే మాత్రం వదలొద్దు. ఇంకో మోసం కూడా ఉంది. నాలుగైదు రోజులకి జ్వరం తగ్గి, తేరుకున్నారనుకున్నాక మళ్ళీ తిరగబెట్టొచ్చు, అసలు ఉపద్రవం అప్పుడు మొదలవుతుంది.

మీ వీధిలో ఆయనకి జరిగిన వరస చూడండి. ఆర్‌ఎంపీ గారిని నేను తప్పుపట్టను, అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే. కానీ ఒళ్ళు నొప్పులకి ఇచ్చే డైక్లోఫినాక్ లాంటి ఇంజక్షన్ ఈ జబ్బులో కిడ్నీలని ఇంకా దెబ్బతీస్తుంది. జ్వరానికి పారాసిటమాల్ చాలు, అది కూడా చెప్పిన మోతాదులోనే. తర్వాత టైఫాయిడ్ కోసం చేసే విడాల్ పరీక్ష. మన దగ్గర టైఫాయిడ్ లేనివాళ్ళలో కూడా అది తరచు పాజిటివ్ చూపిస్తుంది, దాన్నే నమ్ముకుంటే అసలు జబ్బు దాక్కుంటుంది. ఎలుక జ్వరానికి చేసే లెప్టో ఐజీఎం అనే రక్త పరీక్ష కూడా మొదటి నాలుగైదు రోజుల్లో నెగటివ్ రావచ్చు, వారం దాటాక మళ్ళీ చేయించాలి. అందుకే అనుమానం బలంగా ఉంటే మంచి డాక్టరు రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడతాడు. మందు ఖరీదైనదేమీ కాదు, డాక్సీసైక్లిన్, పెన్సిలిన్, సెఫ్‌ట్రయాక్సోన్, అన్నీ పాత యాంటీబయాటిక్‌లే. డబ్బులు పోయేది ఆలస్యమయ్యాక, డయాలసిస్ దగ్గర.

ఆ తర్వాత పసరు. కామెర్లకి పసరు పోయించి, ఉప్పూ నూనె మాన్పించి పథ్యం పెట్టడం ఇంకా మన ఊళ్ళలో ఉంది. జ్వరంతో పాటు కళ్ళు పచ్చబడ్డాయంటే ఈ జబ్బు ముదిరినట్టు లెక్క. ఆ రోజు వెళ్ళాల్సింది పసరు వైద్యుడి దగ్గరికి కాదు, కిడ్నీ వైద్యం ఉన్న పెద్దాసుపత్రికి. మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా, దగ్గులో రక్తపు జీర కనపడినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. మీకు గనక జ్వరం వస్తే ఇవేవీ వచ్చేదాకా చూడకుండా మొదటి రోజే వెళ్ళండి, గర్భిణులకి వాడగలిగే మందులు ఉన్నాయి.

మీ వీధి ఆయన గురించి ఒక మంచి మాట. ఈ జబ్బులో దెబ్బతిన్న కిడ్నీలు చాలామందిలో మళ్ళీ కోలుకుంటాయి. డయాలసిస్ పెట్టారంటే జన్మంతా అదేనని కాదు, కొన్నాళ్ళ ఆసరా మాత్రమే కావచ్చు. ఇంటికి వచ్చాక డాక్టరు చెప్పిన రోజుకి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష తప్పకుండా చేయించుకోమనండి, ఒంటి నొప్పులని మందుల షాపులో మాత్రలు కొనుక్కోవద్దనండి. ఒకసారి వచ్చింది కాబట్టి ఇక రాదని మాత్రం అనుకోకూడదు. ఈ క్రిముల్లో రకాలు 250కి పైగా ఉన్నాయి, ఒక రకానికి వచ్చిన రక్షణ ఇంకో రకానికి పనిచేయదు. వచ్చే ఊడ్పులకి ఆయన కాళ్ళు కూడా ఎవరో ఒకరు చూడాలి.